మారిషస్ కొండబాటలు: అయిదు నడకలు, ఏ వరసలో, ఎలా

మారిషస్‌లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం 828 మీటర్లు. ఈ అంకె వినగానే "అలిపిరి నుంచి తిరుమల దాకా మెట్లెక్కినవాళ్లం, మాకిదెంత" అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. కానీ అలిపిరి దారిలో రాతిమెట్లున్నాయి, నెత్తిన పైకప్పుంది, దారి పొడవునా తాగునీళ్లున్నాయి, ముందూ వెనకా జనం ఉంటారు. ఇక్కడ తడిసిన ఎర్రమట్టి, దాని మీద అల్లుకున్న చెట్లవేళ్లు, అక్కడక్కడ కట్టిన తాడు, పైన ఎప్పుడు దిగుతుందో తెలియని మబ్బు. మనిషిని అలసిపోయేలా చేసేది కొండ ఎత్తు కాదు, కాలి కింద నేల. అందుకే ఈ దీవిలో ట్రెక్కింగ్ ప్లాన్ చేసేటప్పుడు శిఖరం ఎన్ని మీటర్లని కాకుండా, ఆ రోజు ఆ వైపు నేల ఎంత తడిగా ఉందని చూడాలి. కింద చెప్పే వరసంతా ఆ లెక్క మీదే వేసింది.

మనవాళ్లు చాలామంది హనీమూన్‌కో, ఫ్యామిలీ ట్రిప్‌కో వెళ్లి, నీలం నీళ్లు చూసి, పడవెక్కి తిరిగొచ్చేస్తారు. దీవికి నడుమ ఉన్న అడవిని కనీసం ఒక్క రోజైనా నడిచి చూడమని నా విన్నపం. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు పర్యాటకానికి ముందస్తు వీసా అక్కర్లేదు. బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 ఉన్న దీవి కాబట్టి, ఎక్కడ దిగినా ఏ ట్రెయిల్‌కైనా ఉదయాన్నే చేరుకోవచ్చు.

మొదటి మెట్టు: వాన ఎటు పడుతుందో తెలుసుకోండి

ఇది అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవి. మధ్యలో పీఠభూమి, దాని చుట్టూ పాతకాలపు అగ్నిపర్వతం అంచులు విరిగి మిగిలినట్టుగా కోసుగా నిలబడ్డ కొండలు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. ఆ గాలి మోసుకొచ్చిన తడి పీఠభూమికి తగిలి అక్కడే కురుస్తుంది. పశ్చిమ తీరంలో పడే వానకు నాలుగు రెట్లకు పైగా నడిదీవిలో పడుతుంది. అంటే ఒకే రోజు నడిదీవిలోని క్యూర్పిప్ ఊళ్లో గొడుగు పట్టుకుని తిరుగుతుంటే, అరవై కిలోమీటర్లైనా లేని ల మోర్న్‌లో ఎండకు మాడు మాడిపోతుంది.

దీన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. నడిదీవి ట్రెయిల్స్‌కి పొడిగా ఉన్న రోజు దొరికితే వెంటనే వెళ్లిపోవాలి. అక్కడ వాన పడుతుంటే ఆ రోజు పశ్చిమానికి తిరగాలి. హోటల్ బుకింగ్ మార్చుకోలేం గానీ, నడకల వరస మార్చుకోవచ్చు. ఈ ఒక్క వెసులుబాటు ఉంచుకున్నా సగం టెన్షన్ తగ్గుతుంది.

నెలల సంగతికొస్తే, మే నుంచి అక్టోబర్ దాకా చల్లని కాలం, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వేడి, వానలు, తుపానులు. నన్నడిగితే సెప్టెంబర్, అక్టోబర్ అంటాను. వానలు తక్కువ, పగలు కాస్త పొడుగు. జూన్, జూలైలో వాతావరణం హాయిగానే ఉంటుంది గానీ సాయంత్రం ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అస్తమించాక అరగంటలో చీకటి. కొండకు తూర్పు వైపు నీడలో ఉంటే ఇంకా ముందే. అందుకని ఏ నడకైనా మధ్యాహ్నం రెండింటికల్లా కిందికి దిగేసేలా లెక్క వేసుకోండి. తుపాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు తరగతులుగా ఇస్తారు. ఒకటో తరగతి ప్రకటించారంటేనే ఆ రోజు కొండ మానేయండి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

అన్నిటికంటే ముఖ్యం బూట్లు. జిమ్‌కి వేసుకునే నున్నటి అడుగున్న షూ ఇక్కడ పనికిరాదు. అడుగున లోతైన గాడులుండాలి, వేళ్ల ముందు కొద్దిగా ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. కొత్త బూట్లయితే మన ఊళ్లోనే రెండు వారాలు వేసుకుని తిరిగి, ఆ తర్వాతే పట్టుకెళ్లండి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. దారిలో వాగులు కనిపిస్తాయి, ఆ నీళ్లు తాగొద్దు. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పిరోసిస్ లాంటి జబ్బులు ఇలాంటి తడి దీవుల్లో ఉంటాయి. కాలికి పుండో గీతో ఉంటే దాన్ని మూసి కట్టుకుని మరీ వాగు దాటండి. పల్చటి రెయిన్ జాకెట్, పొడుగు ప్యాంటు, తాడు పట్టుకోవడానికి చేతి గ్లవ్స్, దోమల మందు, ఒక చిన్న టార్చి, ఛార్జింగ్ నిండా ఉన్న ఫోన్. లోయల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

తినడానికి మాత్రం మన దగ్గర్నుంచి ఏమీ మోసుకెళ్లనక్కర్లేదు. పొద్దున్నే ఏ ఊరి బస్టాండ్ దగ్గరైనా గాతో పిమా వేడివేడిగా వేయిస్తుంటారు. పప్పు రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు వేసి చేసే గారెలవి, మన మసాలా వడకు దగ్గరి చుట్టాలు. రొట్టెలో నాలుగు పెట్టించుకుంటే కొండ మీద భోజనం అయిపోతుంది. పప్పు కూరిన పల్చటి ధోల్ పూరీ కూడా బాగుంటుంది గానీ, కూర కారిపోతుంది కాబట్టి అది దిగొచ్చాక తినాల్సింది.

మొదటి నడక: లె పూస్

మొదలుపెట్టాల్సింది ఇక్కడే. రాజధాని పోర్ట్ లూయిస్ వెనకాల బొటనవేలు పైకెత్తినట్టు కనిపించే కొండ ఇది. ఫ్రెంచిలో పూస్ అంటే బొటనవేలే. ఎత్తు 812 మీటర్లు. 1836లో బీగిల్ ఓడలో ఈ దీవికి వచ్చిన చార్లెస్ డార్విన్ కూడా దీన్ని ఎక్కాడు.

నగరం వైపు నుంచీ దారి ఉంది గానీ, మోకా వైపు, సెంట్ పియేర్ దగ్గర్నుంచి మొదలయ్యేది సులువు. మొదట చెరకు తోటల మధ్య మట్టిబాట. ఒక్క నిమిషం ఆగి ఆ చెరకును చూడండి. 1834లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో మనవాళ్లూ ఈ తోటలకే వచ్చారు. కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్లు కాబట్టి ఇక్కడ వాళ్లను కోరంగీలు అనేవారు. ఈ రోజుకీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

చెరకు దాటాక చెట్లనీడ. ఇక్కడ బాట ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది. చెట్లు అయిపోగానే ఒక చదును వస్తుంది, అక్కడి నుంచి బొటనవేలు నిటారుగా కనిపించి కాస్త భయపెడుతుంది. చివరి పదిహేను, ఇరవై నిమిషాలు రాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కాలి. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు చదును దగ్గరే ఆగిపోయినా నష్టం లేదు, దృశ్యం అక్కడినుంచీ బాగుంటుంది. రానూపోనూ రెండున్నర గంటలు పెట్టుకోండి.

పైనుంచి పోర్ట్ లూయిస్ రేవు మొత్తం కనిపిస్తుంది. ఆ రేవు ఒడ్డునే ఆప్రవాసీ ఘాట్ ఉంది, కూలీలు ఓడ దిగి మెట్లెక్కిన చోటు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఉదయం కొండ ఎక్కి, మధ్యాహ్నం దిగి ఆ మెట్లు చూసిరావడం, ఒకే రోజులో ఇంతకంటే మంచి జత దొరకదు. పక్కనే తలమీద గుండు పెట్టుకున్నట్టుండే పీటర్ బోథ్ కొండ ఊరిస్తుంది. 820 మీటర్లు. అది రోప్ క్లైంబింగ్ తెలిసినవాళ్లు, గైడ్‌తో మాత్రమే ఎక్కాల్సింది. దాన్ని చూసి ఆనందించి వచ్చేయండి.

రెండో నడక: పెట్రిన్ నుంచి మకాబే

1994లో ఏర్పాటైన బ్లాక్ రివర్ గోర్జెస్ నేషనల్ పార్క్ ఈ దీవికి ప్రాణం లాంటిది. మారిషస్‌లో ఒకప్పటి అసలైన అడవిలో రెండు శాతం కూడా మిగల్లేదు. మిగిలిన ఆ కాస్తలో ముఖ్యమైన భాగం ఇక్కడే ఉంది. డోడో పక్షి 17వ శతాబ్దంలోనే అంతరించిపోయింది. మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ కూడా దాదాపు అదే దారి పట్టింది. 1974లో అడవిలో లెక్కతేలినవి నాలుగే నాలుగు. గుడ్లు సేకరించి, పిల్లల్ని పెంచి, వదిలి, ఏళ్లతరబడి కాపలా కాసి వాటిని నిలబెట్టారు. గులాబీరంగు పావురాన్నీ అలాగే కాపాడుకున్నారు. ఈ బాటలో నెమ్మదిగా, మాటలు తగ్గించి నడిస్తే ఆ పావురం కనిపించే అవకాశం ఉంది. స్పీకర్లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పెట్రిన్ దగ్గర సమాచార కేంద్రం ఉంది. అక్కడ ఆ రోజు బాట పరిస్థితి అడిగి మొదలుపెట్టండి. మొదటి గంటా గంటన్నర దాదాపు చదునైన వెడల్పాటి బాట. పిల్లలూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ హాయిగా నడవగలరు. మకాబే వ్యూపాయింట్ దగ్గర లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది, దూరంగా పశ్చిమ సముద్రం దాకా. కుటుంబంతో వచ్చినవాళ్లు ఇక్కడ కూర్చుని తిని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోవడం మేలు.

ముందుకు వెళ్తే బాట లోయలోకి దిగుతుంది, బాగా నిటారుగా. అడుగున నది పక్కన నడిచి కింది సందర్శకుల కేంద్రానికి చేరతారు. మొత్తం పది కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఇక్కడ నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదు. కారు పైన పెట్రిన్‌లో పెట్టి, కింద తేలాను. కింద నుంచి తిరిగి వెళ్లడానికి ఏ బండీ ఏర్పాటు చేసుకోలేదు. అప్పటికే సాయంత్రం. ఎక్కి వెనక్కి వెళ్లడానికి ఓపికా లేదు, వెలుగూ లేదు. దయగల ఒక కుటుంబం తమ కారులో ఎక్కించుకుని చుట్టూ తిప్పి దించింది. మీరు ముందుగానే టాక్సీ మాట్లాడుకుని ఉదయం పెట్రిన్‌లో దింపించుకోండి, కింద ఫలానా గంటకు రమ్మని చెప్పండి.

దగ్గర్లోనే గంగా తలావ్ అని పిలిచే గ్రాండ్ బాసాం సరస్సు ఉంది. మహాశివరాత్రి రోజుల్లో దీవి నలుమూలల నుంచి భక్తులు కావళ్లు మోస్తూ కాలినడకన ఇక్కడికి వస్తారు. ఆ సమయంలో ఈ వైపు రోడ్లు కిటకిటలాడతాయి. నడకకు వేరే వైపు ఎంచుకోండి, లేదా వాళ్లతోపాటే నడవండి.

మూడో నడక: ఎత్తయిన శిఖరం, బురద పాఠం

828 మీటర్ల పీటోన్ ద లా పెతీత్ రివియేర్ న్వార్ ఇదే. ప్లెయిన్ షాంపేన్ రోడ్డు మీద, గోర్జెస్ వ్యూపాయింట్ దాటాక షమరెల్ వైపు వెళ్తుంటే బాట మొదలవుతుంది. మీరు మొదలుపెట్టే చోటే బాగా ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఎక్కాల్సింది పేరుకు తగినంత ఉండదు. రానూపోనూ మూడు గంటలు. ఎక్కువ భాగం గట్టు మీద, జామ పొదల మధ్య సొరంగంలా సాగే బాట. ఆఖరి భాగం మాత్రం నిటారు, తాళ్లు కట్టి ఉంటాయి.

ఆ జామ ఎర్రటి చిన్న కాయలు కాస్తుంది, స్థానికులు గొయావ్ ద షిన్ అంటారు. వేసవి వానలు వెనకబడ్డాక కాయల కాలం వస్తుంది. కుటుంబాలు సంచులేసుకుని కోతకు వస్తాయి, ఉప్పూకారం అద్దుకుని తింటారు. రుచి అద్భుతం. కానీ బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ చెట్టే ఇక్కడి అసలు అడవిని ఊపిరాడనివ్వకుండా చేస్తోంది. తినండి, గింజలు మాత్రం బాట పక్కన ఊయకండి.

బురదలో ఎలా నడవాలో ఇక్కడే నేర్చుకోవాలి. ఎక్కేటప్పుడు ఎవరికీ ఏమీ కాదు, పడేదంతా దిగేటప్పుడే. కొన్ని పద్ధతులు చెబుతాను, ఇవి నా ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్నవి.

ఎర్రమట్టి మెరుస్తుంటే దాని మీద అడుగేయకండి, పక్కన గడ్డి మీదో, మట్టిలో దిగబడిన రాయి మీదో వేయండి. చెట్టువేరు తడిగా ఉంటే నూనె రాసిన కర్రతో సమానం. దాని మీద కాలు పెట్టకూడదు, దాని వెనక, వేరూ మట్టీ కలిసే మూలలో మడమ ఆనించాలి. అడుగులు చిన్నవిగా, మోకాళ్లు కాస్త వంచి వేయాలి. బాగా వాలుగా ఉంటే పక్కకి తిరిగి దిగండి, మరీ వాలైతే కొండవైపు ముఖం పెట్టి నిచ్చెన దిగినట్టు దిగండి. తాడు కనిపించగానే దానికి వేలాడొద్దు. ముందు గట్టిగా లాగి చూడాలి, బరువంతా కాళ్ల మీదే ఉంచుకుని, తాడును చేతికి తోడుగా మాత్రమే వాడాలి. ఒకే తాడు మీద ఒక్కసారి ఒక్కరే. జారుతున్నట్టు అనిపిస్తే నిలదొక్కుకోవడానికి పోరాడకండి, వెంటనే కూర్చుండిపోండి. ప్యాంటు పాడవుతుంది, మణికట్టు మిగులుతుంది.

పైకి చేరాక మబ్బు కమ్మితే ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి, గాలికి తొలగిపోతుంది. వాన చుక్కలు మొదలయ్యాయా, ఇక ఆలోచన లేదు, దిగిపోవాలి.

నాలుగో నడక: ల మోర్న్

నడిదీవిలో వాన పడే రోజుకు దీన్ని దాచుకోండి. నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకుని నిలబడ్డ 556 మీటర్ల కొండ. తోటల నుంచి పారిపోయిన బానిసలు దీని గుహల్లో, అంచుల్లో దాక్కుని బతికారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పడానికి వస్తున్న సిపాయిలను చూసి, మళ్లీ పట్టుకుపోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకి చనిపోయారని ఇక్కడివాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. ఫిబ్రవరి 1 దేశమంతా సెలవు. ఇది కొందరికి పూర్వీకుల సమాధి లాంటి చోటు. పైన కేకలు, డ్రోన్లు, రాళ్ల మీద పేర్లు చెక్కడాలు వద్దు.

గేటు దగ్గర పేరు రాసి లోపలికి వెళ్లాలి. తెరిచిన వెంటనే మొదలుపెట్టండి, ఎండ ఎక్కాక రాయి వేడెక్కి చేతులు కాలతాయి. మొదటి సగం కారు పట్టేంత వెడల్పు బాట, నీడలో నెమ్మదిగా ఎక్కుతుంది. ఒక వ్యూపాయింట్ వస్తుంది, పగడపు దిబ్బల లోపలి నీళ్లు పచ్చగా, బయటి నీళ్లు ముదురు నీలంగా కనిపిస్తాయి. పిల్లలతో వచ్చినవాళ్లకు ఇక్కడితో చాలు.

ఆ పైన బాట కాదు, రాయి. రెండు చేతులూ, రెండు కాళ్లూ వాడాలి. మూడు ఆధారాలు ఎప్పుడూ రాయికి అంటిపెట్టుకుని, నాలుగోదే కదపాలి. ఎక్కే ప్రతి రాయి దగ్గరా "దీన్నే దిగగలనా" అని ఆలోచించండి. లేదనిపిస్తే అక్కడే ఆగండి. చివర ఒక శిలువ ఉంటుంది, బాట అక్కడితో సరి. అసలు శిఖరానికి దారి లేదు, వెతకొద్దు. మొత్తం నాలుగు గంటలు. వాన పడిన మర్నాడు పై సగం వద్దు. మొదటిసారి వెళ్లేవాళ్లు గైడ్‌ని పెట్టుకోండి, ఆ డబ్బు దండగ కాదు.

ఈ కొండ అంచుల్లో మాత్రమే సహజంగా పూసే పువ్వొకటి ఉంది. ట్రొకేషియా బుటోనియానా, మారిషస్ జాతీయ పుష్పం. ఎర్రగా, కిందికి వేలాడుతూ ఉంటుంది కాబట్టి స్థానికులు చెవికమ్మ అన్న అర్థంలో పిలుస్తారు. కనిపిస్తే ఫొటో తీసుకోండి, ముట్టుకోకండి.

జలపాతాల గురించి ఒక మాట

ఆంరియెట్టా ఊరి నుంచి దిగే టామరిండ్ జలపాతాలు, సెత్ కాస్కాడ్ అంటారు, ఫొటోల్లో అందరూ చూసే ఉంటారు. అందమైనవే. కానీ పైన ఎక్కడో కురిసిన వానకు కింద నీరు నిమిషాల్లో పెరుగుతుంది, మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే. గైడ్ లేకుండా దిగొద్దు. నీటి రంగు మారినా, ఆకులు కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డెక్కి పైకి వెళ్లిపోవాలి. అందుకే అయిదు నడకల్లో దీన్ని లెక్కపెట్టలేదు, అదనపు రోజుంటేనే చూడండి.

మిగతా ప్రమాదాలు చిన్నవి. ప్రాణం తీసే పాములు ఈ దీవిలో లేవు. మన అడవులు తిరిగినవాళ్లకు ఇదో పెద్ద ఊరట. పసుపురంగు కందిరీగల తుట్టెలు కొమ్మల కింద ఉంటాయి కాబట్టి చూడకుండా కొమ్మ పట్టుకోవద్దు. కోతులు సంచి లాక్కుంటాయి, తిండి పెట్టకండి. ప్రైవేటు భూముల బోర్డులుంటే లోపలికి వెళ్లకండి, కొన్ని ఎస్టేట్లలో జింకల వేట జరుగుతుంది. అత్యవసర వైద్యానికి 114, పోలీసులకు 999. బయల్దేరే ముందు హోటల్లో ఎవరికైనా ఏ బాట, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్లండి. దారిలో ఎదురైనవాళ్లకు "బోంజూర్" అనండి, ఇక్కడ పలకరించకుండా దాటిపోవడం మర్యాద కాదు. పైగా ముందు బాట ఎలా ఉందో వాళ్లే చెబుతారు.

అయిదో నడక: లయన్ మౌంటెన్, తిరుగు ప్రయాణం ముందు

విమానాశ్రయం ఆగ్నేయంలో ఉంది, ఈ కొండా అటే. అందుకే చివరికి పెట్టాను. రాత్రి విమానమైతే ఉదయం హాయిగా ఎక్కి దిగొచ్చు. వియూ గ్రాం పోర్ పోలీస్ స్టేషన్ పక్కనుంచి బాట మొదలవుతుంది. 480 మీటర్లే గానీ, దాదాపు సముద్రమట్టం నుంచి ఎక్కాలి, గట్టు మీద గాలి బలంగా కొడుతుంది. మూడు గంటలు. 1598లో డచ్చివాళ్లు దిగిన తీరం, 1810లో ఫ్రెంచి, బ్రిటిష్ నౌకలు పోరాడిన అఖాతం రెండూ పైనుంచి కనిపిస్తాయి. అసలైన తీరపు అడవిని తిరిగి పెంచుతున్న ఇల్ ఒ ఎగ్రెత్ దీవి కూడా.

దిగాక బూట్లను హోటల్ బయటి కుళాయి దగ్గర పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. నిజానికి ప్రతి నడక తర్వాతా చేయాల్సిన పని ఇది, ఒక కొండ జామగింజ ఇంకో కొండకు మన బూటు గాడుల్లోనే ప్రయాణిస్తుంది. లోపల పాత పేపర్ కుక్కి ఎండలో పెడితే విమానం టైముకు ఆరతాయి.